మూలస్థితికి చేరిన సాన సైకిలు

గుత్తొంకాయ కూరంటే ప్రాణం పెట్టే మనిషినైనా పొద్దునా అదే, సాయంత్రమూ అదే తినమంటే విస్తట్లోంచి లేచి పారిపోతాడు. మా గువ్వలంకలో ఒక ఏడు వేసవి మొదలుకొని దసరా ముందు దాకా ఊరు ఊరంతా అదే తింది. వంకాయ గుత్తిగా, బెండకాయ నిలువునా, దొండకాయ దేవుడు ఎలా పుట్టించాడో అలాగే. వంకాయకు పెట్టే గాట్లు కూడా గోళ్లతోనే పెట్టుకున్నారు ఆడవాళ్లు. కాయ కోయకూడదని మాకేమీ మొక్కు లేదు. కోద్దామంటే ఊళ్లో తెగే కత్తి లేదు. ఎందుకు లేదయ్యా అంటే, మా ఊళ్లో ఉన్న సైకిలొకటి ఫ్రెంచిదని తేలింది కాబట్టి.

మీరు నవ్వడానికి ఇంకా టైముంది. వరసన చెబుతాను.

మాది గోదావరి మధ్యన లంక. పంటు ఎక్కి దాటితే అవతల యానాం. మా ఊళ్లో రేకాడి ధర్మయ్య అని సానబట్టే మనిషి ఒకడున్నాడు. వాళ్ల నాన్నదీ అదే పని. సైకిలుకి స్టాండు వేసి, పైకెక్కి కూర్చుని పెడలు తొక్కితే, వెనక చక్రానికి తగిలించిన పట్టీ మధ్యకడ్డీ మీద బిగించిన సానరాయిని తిప్పుతుంది. ఆ రాయికి కత్తి ఆనించి సాన పడతాడు. పని అయిపోయాక స్టాండు ఎత్తి, అదే సైకిలెక్కి పక్క ఊరు పోతాడు. ఇటు లంకలకీ అటు యానాం వైపు పేటలకీ అందరికీ అతనొక్కడే. ధర్మయ్య పదును పెట్టిన కత్తిపీట ముందు వంకాయ పెడితే, ఇంటావిడ పీట మీద సర్దుకుని కూర్చునేలోపే రెండు ముక్కలయ్యేది. అతను పట్టిన కత్తితో కోడిని కోస్తే, కోసిన సంగతి కోడికి సాయంత్రానికి గాని తెలిసేది కాదు. ఇందులో ఏమన్నా అతిశయోక్తి ఉంటే ఆ కోడినే అడగండి.

ఆ సైకిలు అతని నాన్నకి ఎలా వచ్చిందంటే, యానాం ఫ్రెంచివాళ్ల చేతిలో ఉన్న రోజుల్లో అక్కడో దొర ఉండేవాడు. ఆయనకి రెండే పిచ్చిలు. ఒకటి పియానో, రెండోది ఈ సైకిలు. ఏటిగట్టు మీద ఆయన సైకిలు తొక్కుతుంటే కుక్కలు మొరుగుదామని నోరు తెరిచేవి. అవి మొరిగేసరికి దొర పక్క ఊళ్లో కాఫీ తాగుతుండేవాడు. ధర్మయ్య నాన్న ఆయన వంటింటి కత్తులు పట్టేవాడు. దొరలు దేశం వదిలి పోయేటప్పుడు ఓడలో పియానోకి చోటు దొరికింది, సైకిలుకి దొరకలేదు. "ఉంచుకో" అన్నట్టు దొర చెయ్యి ఊపాడు. వీడ్కోలుకే ఊపాడో ఇవ్వడానికే ఊపాడో గాని, సైకిలు మాత్రం గువ్వలంక చేరింది.

ఇక అసలు కథ. కాకినాడ నుంచి ఆదివారం ఆదివారం కొందరు సైకిళ్ల మీద వస్తుంటారు. ఇంట్లో కారుండగా సైకిలు తొక్కే జాతి. ఒంటికి అతికించినట్టుండే బట్టలు, నెత్తిన తాటిటెంక లాంటి టోపీ. వాళ్లలో ప్రణీత్ అనే కుర్రాడు, మంచివాడే, ఓ ఆదివారం టీ తాగడానికి మా పంటు రేవులో ఆగాడు. ధర్మయ్య అక్కడ ఎవరిదో కొడవలి పడుతున్నాడు. ఈ కుర్రాడు గ్లాసు పక్కన పెట్టేసి వచ్చి సైకిలు ముందు మోకాళ్ల మీద కూలబడ్డాడు. తనకే దణ్ణం పెడుతున్నాడనుకుని ధర్మయ్య కాళ్లు వెనక్కి లాక్కున్నాడు.

మసీ జిడ్డూ తుడుచుకుంటూ ఆ కుర్రాడు చూపించాడు. గొట్టాలు కలిసే ప్రతి చోటా పువ్వురేకుల్లా చెక్కిన తొడుగులున్నాయి. గొట్టం మీద గోటితో కొడితే గంటలా మోగింది. రాయి విప్పించి రెండు వేళ్లతో ఫ్రేము లేపాడు. ఆఖర్న, పెడల్ ఇరుసు దగ్గర కుడివైపు బిగించే మర కప్పు ఎటు తిరుగుతుందని ధర్మయ్యని అడిగాడు.

ధర్మయ్య సిగ్గుపడుతూ చెప్పాడు, అది మొండిదనీ, లోకంలో సైకిళ్లన్నిటికీ ఎటు తిప్పితే ఊడుతుందో దీనికి అటు తిప్పితే బిగుసుకుంటుందనీ, వాళ్ల నాన్న ఏదో తప్పు చేసి ఉంటాడనీ.

ప్రణీత్ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ కాలపు ఫ్రెంచి సైకిళ్లన్నిటికీ ఆ మర అంతేనట, అదొక్కటీ చాలట గుర్తుపట్టడానికి. అందరూ ఎటు తిప్పితే దానికి ఎదురు తిరగడమే ఫ్రెంచి లక్షణమైతే మా ఆవిడా ఫ్రెంచిదే అవ్వాలి. ఆవిడ పుట్టిల్లు తాళ్లరేవు.

పందేలకి వాడే రోడ్డు సైకిలట. అలాంటి ఫ్రేములు దేశంలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చట. కుర్రాడు ఫోటోలు తీసుకున్నాడు. ఫోన్లో పెట్టాడు. అక్కణ్ణించి అవి ఎన్ని చేతులు మారాయో గాని, వారం తిరక్కుండా మా రేవులో జీపు దిగింది.

దిగినాయన పేరు వేమవరపు ఫణిభూషణరావు గారు. పురావాహన పరిరక్షణ మండలి ప్రాంతీయాధికారి. అలాంటి మండలి ఒకటుందని మాకు ఆ రోజే తెలిసింది. ఆయన కిందున్న సంపదల్లా కాళ్లు విరిగిన పల్లకీ ఒకటేనట, అదీ చెదపట్టిందట. పాపం, ఎంత ఆకలి మీదున్నాడో మనిషి. సైకిలు చుట్టూ ప్రదక్షిణం చేసి, గొంతు సవరించుకుని, రేవులో ఉన్న మా ఐదారుగురికీ మహాసభకి చెప్పినట్టు చెప్పాడు.

"ఇది సైకిలు కాదు. జాతి సంపద. దీనిని తక్షణమే స్వాధీనపరచుకొని మూలస్థితికి పునరుద్ధరింపవలెనని ఇందుమూలముగా నిర్ణయించడమైనది."

మూలస్థితి అంటే ఏంటండీ అని ధర్మయ్య అడిగాడు. ఒక వస్తువు పుట్టినప్పుడు ఎలా ఉందో అలా చెయ్యడం, తర్వాత చేరినదంతా తీసెయ్యడం అన్నాడాయన. సరేనండి, ఈ ఆదివారం దాటాక పట్టుకెళ్లండి, పై లంకలో పెళ్లి ఉంది, వాళ్ల కత్తిపీటలన్నీ ఒప్పుకున్నాను అని ధర్మయ్య బతిమాలుకున్నాడు.

"జాతి సంపదకు పెళ్లిళ్లు ఉండవు," అన్నాడు ఫణిభూషణరావు గారు.

పంచాయతీ ఆఫీసులో పునరుద్ధరణ మొదలైంది. ఫ్రాన్సులో పుట్టనిది ఏదీ దీని మీద ఉండరాదు, అదీ సూత్రం. సానరాయి మనదేశపుది, తీసెయ్. స్టాండు కాకినాడది, తీసెయ్. సీటు ధర్మయ్య నాన్న వేయించింది, గోనెపట్టాతో సహా తీసెయ్. గొలుసు, బెల్లు, చక్రాలు, అన్నీ మధ్యలో మార్చినవే. తీసెయ్, తీసెయ్, తీసెయ్. ఇంక తియ్యడానికేమీ లేదన్నాక చూస్తే మిగిలింది గొట్టాల చట్రం ఒక్కటి. పులస తినేసి ముల్లు పళ్లెంలో పెట్టినట్టుంది. దాన్ని అద్దాల పెట్టెలో పెట్టి, ప్రెసిడెంటు గారి కుర్చీ ఉండే చోట నిలబెట్టారు. ప్రెసిడెంటు గారి కుర్చీ వరండాలోకి వచ్చింది.

ధర్మయ్యకి శాలువా కప్పారు. 'దాత' అని పేరు చెక్కిన రాగిరేకొకటి ఇచ్చారు. తీసేసిన సామానంతా 'అన్యపదార్థము' అని చీటీ అంటించి ఇంటికి పంపించారు. అతని భార్య నూకరత్నం శాలువా చూసింది, రేకు చూసింది, మొగుణ్ణి చూసింది.

"ఇంకేం, రేపట్నుంచి ఆ శాలువాకే పదును పెట్టు," అంది.

సానరాయిని తీసుకెళ్లి ఆవకాయ జాడీ మూత మీద బరువుకి పెట్టింది.

ధర్మయ్య ఊరుకోలేదు. మనిషికి ఇల్లు గడవాలిగా. బావమరిది సైకిలు అడిగి తెచ్చుకుని, జాడీ మీద రాయి దింపి దానికి బిగించుకున్నాడు. ఎలాగో తిరుగుతోందనిపించి ఇంకా ఒక కత్తి పట్టాడో లేదో, మండలి నుంచి మనిషి వచ్చాడు. వారసత్వ వస్తువుకి నకలు తయారు చెయ్యడం నేరమట. ధర్మయ్య ఫణిభూషణరావు గారి దగ్గరికి పరిగెత్తాడు, తోడు నేనూ వెళ్లాను. ఇది నల్ల సైకిలండి, మన దేశపుదండి, దానికీ దీనికీ పోలికే లేదండి, రాయొక్కటే కదండీ అదీ, ఆ రాయి తమరే వద్దన్నారు కదండీ అని ధర్మయ్య వాదించాడు. 

"ఆకారం పోలలేదు. ఉద్దేశం పోలింది," అన్నాడాయన.

రాయి మళ్లీ జాడీ మీదికెక్కింది. ధర్మయ్య కొబ్బరి డొక్కలు ఒలిచే కూలికి పోయాడు. తాతల నాటి నుంచీ పట్టే చెయ్యి గాని ఒలిచే చెయ్యి కాదు అతనిది. సాయంత్రానికి అరిచేతులు పుండ్లయ్యేవి. పెళ్లి వాళ్లు మాటిచ్చి తప్పాడని తిట్టి పోయారు. దానికే ఎక్కువ బాధపడ్డాడు. వాళ్ల నాన్న హయాం నుంచీ ఏ పెళ్లికీ మాట తప్పలేదు వాళ్లు. మళ్లీ ఆ సైకిలెక్కే రోజొస్తుందా బాబాయ్ అని నన్నే అడిగేవాడు. నాకు కోతలు కొయ్యడం వచ్చు గాని ఆ ఒక్క ప్రశ్నకి కోత రాలేదు.

ఇంతలో ఊళ్లో పదును పోవడం మొదలైంది. ముందు కత్తిపీటలు మొండివయ్యాయి. ఆనపకాయని గుమ్మానికేసి కొబ్బరికాయలా పగలగొట్టుకున్నారు. మాంసం కొట్టు మస్తాన్ మేకకీ కత్తికీ మధ్య రాజీ కుదర్చలేక కొట్టు మూసి, చేపలు పట్టడానికి పోయాడు. మంగలి దగ్గరికి వెళ్లినవాళ్లు సగం గడ్డంతో ఏడుస్తూ తిరిగొచ్చారు. టైలరు కత్తెర బట్టని కత్తిరించడం మాని నమలడం నేర్చుకుంది. కొత్త కత్తులు కొనుక్కోవచ్చుగా అంటారు మీరు. కొన్నాం. బజారు కత్తి కొత్తల్లుడి లాంటిది. మెరుపు మనుగుడుపుల దాకానే.

ఫణిభూషణరావు గారు మాత్రం మూలస్థితి లోతుల్లోకి దిగుతున్నారు. మసి గీకిస్తే ఫ్రేము ముందుగొట్టం మీద పసుపురంగు బయటపడింది. పొర మీద పొర, పొర మీద పొర. మండలి ఉబ్బిపోయింది. ఇదే అసలు రంగు, పందెంలో గెలిచినవాడికిచ్చే గౌరవ వర్ణమై ఉంటుంది అని రాసుకున్నారు. సంగతి తెలిసి నూకరత్నం పంచాయతీ ఆఫీసుకి వచ్చి, అది ఏటా దసరాకి ఆయుధపూజనాడు తాను రాసే పసుపనీ, అంతకు ముందు అత్తగారు రాసేదనీ, కావాలంటే కుంకుమబొట్లు కూడా చూసుకోమనీ చెప్పింది.

ఆయన చాలా మర్యాదగా విన్నాడు. సాక్ష్యాలకి తరగతులున్నాయనీ, విదేశీ నిపుణుని మాట మొదటి తరగతి ఆధారమనీ, పరిశోధనశాల నివేదిక రెండో తరగతి అనీ, గృహిణుల మాట పట్టికలో ఇంకా చేరలేదనీ విడమరిచి చెప్పాడు. రంగు పొడి పరిశోధనశాలకి వెళ్లింది. ఇది దుంపజాతి పదార్థము, భారతదేశమున పండును అని జవాబు వచ్చింది. దాని మీద మండలి తీర్మానం ఏం చేసిందంటే, ఫ్రెంచివారు ఆ కాలంలోనే మన దేశం నుంచి రంగులు దిగుమతి చేసుకునేవారు అని. మన ఖ్యాతి అంతటిది.

రంగు తేలాక ఇంకో చిక్కు వచ్చింది. వస్తువుకి మూలస్థితి ఇస్తే సరిపోదట, దాని పరిసరాలకి కూడా ఇవ్వాలట. రోడ్డు సైకిలన్నాక దాని ముందు రోడ్డు ఉండాలి, ఆ రోడ్డు ఆ కాలపు రోడ్డై ఉండాలి. దొర తొక్కిన రోజుల్లో మా ఊరికున్నది బురద బాట. రేవు నుంచి పంచాయతీ దాకా ఉన్న తారురోడ్డు ఎంతమంది కాళ్లు పట్టుకుంటే వచ్చిందో మాకు తెలుసు. వెయ్యడానికి ఒక తరం పట్టింది, తవ్వెయ్యడానికి ఒక పూట పట్టింది. ప్రభుత్వం తలుచుకుంటే ఎంత వేగంగా పనిచెయ్యగలదో కళ్లారా చూశాం. ఎండాకాలమైతే దుమ్ము చాలేది, వానలు పడ్డాయి కాబట్టి బురద కూడా అచ్చం ఆ కాలపుదే వచ్చింది. ఫణిభూషణరావు గారు దాన్ని చూసి కళ్లు తుడుచుకున్నారు. తరవాత కాళ్లు తుడుచుకున్నారు.

ఇంత జరిగినా మా ఊరు ఓర్చుకుందండి. ఆడవాళ్లు కూరలు కొయ్యలేకపోతే సర్దుకోమన్నాం. గడ్డాలు పెరిగితే వేదాంతం అనుకున్నాం. కాని గీత కత్తి మొండిదై, తాటిచెట్టు గెల చివర గియ్యడానికి లేక, ఊళ్లోకి కల్లు రావడం ఆగిపోయిన రోజున మగవాళ్లందరికీ ఒక్కసారిగా ధర్మయ్య కష్టం అర్థమైంది. కులవృత్తిని కాపాడుకోవాలని ఉపన్యాసాలు కూడా ఇచ్చారు. అందరం కలిసి ఫణిభూషణరావు గారి దగ్గరికి వెళ్లాం. సంపదగా ప్రకటించడానికి నిబంధన ఉంది గాని, ప్రకటించినదాన్ని కాదనడానికి నిబంధన లేదన్నాడాయన. అద్దాల పెట్టెకి ప్రారంభోత్సవం అయిపోయిందా, ఇక సైకిలు అది దాటి ఈ జన్మకి బయటికి రాదన్నాడు. ధర్మయ్య ఆ మాట విని తల వంచుకుని లేచి వచ్చేశాడు.

ప్రారంభోత్సవానికి దసరా ముందు ముహూర్తం పెట్టారు. యానాంలో పాత మేడలు చూడ్డానికి వచ్చిన ఫ్రెంచి పెద్దమనిషి ఒకాయన్ని పట్టుకుని ముఖ్య అతిథిని చేశారు. ఆయన పేరు ఎతియెన్నో ఏదో. మా ఊరి నాలుకకి అనువుగా అచ్చెన్న దొర అయ్యాడు. తెల్లగడ్డం, నవ్వుమొహం. మన భాష రాదు, ఇంగ్లీషూ రాదు. ఆయన మాట చెప్పడానికి పాండిచ్చేరి నుంచి పండితుడొకాయన్ని రప్పించారు గాని, ఆ పండితుడి కారు మూలస్థితికి చేరిన మా రోడ్డులో ఇరుసు దాకా దిగబడింది. అచ్చెన్న దొర మాత్రం చెప్పులు చేత్తో పట్టుకుని, ప్యాంటు పైకి మడిచి, బురదలో హాయిగా నడిచి వచ్చేశాడు.

పంచాయతీ గుమ్మానికి ఎర్ర రిబ్బను కట్టారు. వెండి పళ్లెంలో కత్తెర పెట్టారు. దొర కత్తెర తీసుకుని నొక్కాడు. రిబ్బను మడత పడింది. మళ్లీ నొక్కాడు. రెండో మడత పడింది. చప్పట్లు కొడదామని చేతులు ఎత్తినవాళ్లు అలాగే ఉండిపోయారు. ఫణిభూషణరావు గారు తీసుకుని నొక్కాడు. ప్రెసిడెంటు గారు నొక్కాడు. టైలరు తన పెద్ద కత్తెర తెచ్చి ఇచ్చాడు, అది రిబ్బనుని ఆవు గడ్డి నమిలినట్టు నమిలింది. ముడి విప్పేస్తే పోలా అన్నారెవరో. రిబ్బను కత్తిరింపబడవలెను, విప్పబడరాదు, విప్పిన ప్రారంభోత్సవం చెల్లదు అన్నాడు ఫణిభూషణరావు గారు, చెమట తుడుచుకుంటూ.

ఈ గొడవ తెమిలేలా లేదని అచ్చెన్న దొర రిబ్బను కిందనుంచి వంగి లోపలికి దూరాడు. మేమూ వెనకాలే దూరాం. ఆయన అద్దాల పెట్టె మూత తనే ఎత్తేశాడు. ఫ్రేమును చేత్తో నిమిరాడు, గొట్టాల కీళ్లు తడిమాడు, పసుపు గీకి వాసన చూశాడు. మధ్యకడ్డీ దగ్గర చెయ్యి ఆగింది. సానరాయి బిగించిన చోట కడ్డీ మీద గాడి పడి ఉంది. దాన్ని వేలితో రాసి మా అందరికేసీ చూసి, పెద్దగా నవ్వి, చేత్తో గిర్రున గుండ్రం చుడుతూ గబగబా ఏదో చెప్పాడు. చాలాసేపే చెప్పాడు. సభ చూడ్డానికి వచ్చిన ప్రణీత్ ఫోన్లో వీడియో తీస్తున్నాడు. చెప్పడం అయ్యాక దొర మా మొహాలు చూస్తూ నిలబడ్డాడు.

ఫ్రెంచి ఎవరికి వచ్చు అని ఫణిభూషణరావు గారు కేకేశాడు.

 ధర్మయ్య గుమ్మం దగ్గర పుండ్లు పడ్డ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. పెట్టె మూత మళ్లీ పడితే ఇక అతని బతుక్కి కూడా పడ్డట్టే. నాకు వయసులో ఉండగా యానాం తిరుగుళ్ల పుణ్యమా అని నాలుగు ఫ్రెంచి మాటలు వచ్చు. ఒకటి నమస్కారం, ఒకటి సారా, ఒకటి ఇంకొంచెం పొయ్యి. నాలుగోది ఆడవాళ్లున్న చోట అనకూడదు. ఆ ధైర్యంతో ముందుకి వెళ్లాను.

నాకొచ్చు అన్నాను. దొరకేసి తిరిగి మొదటి మాట అన్నాను. ఆయన సంతోషించి మళ్లీ ఓ దండకం చదివాడు. నేను తలాడించి, గడ్డం నిమురుకుని, సభకేసి తిరిగాను.

"దొరగారు ఏమంటున్నారంటే, వాళ్ల తాతగారికి అచ్చం ఇలాంటి సైకిలే ఉండేదట. ఆయన ఒంటికన్ను మనిషట. వయసులో పందేలు తొక్కి, కాళ్లు అలిసిపోయాక దీనికి సానరాయి కట్టుకుని ఊరూరా కత్తులు పట్టేవాడట. వాళ్ల దేశంలో ఇలాంటి సైకిలు బతుకు అంతేనట. మరి రాయేదీ, రాయి లేకుండా దీన్ని ఎందుకు నిలబెట్టారు అని అడుగుతున్నారు."

 ఫణిభూషణరావు గారి మొహం పిండి అయిపోయింది.

"రాయి అని స్పష్టంగా అన్నారా?" అని నన్ను అడిగాడు.

నేను నొచ్చుకున్నట్టు మొహం పెట్టాను. కావలిస్తే ఆయన్నే అడగండి అన్నాను.

ఇంకేముంది, విదేశీ నిపుణుని మాట. మొదటి తరగతి ఆధారం. ఫణిభూషణరావు గారు అక్కడికక్కడే కుర్చీ వేయించుకుని ఉత్తర్వు రాశాడు. మూలస్థితిని సమగ్రంగా పునఃపరిశీలించిన మీదట, సానరాయి మూలస్థితిలో అంతర్భాగమని తేలినందున, దానిని తొలగించుట పొరపాటు కాదనియు, తొలగించినందువల్లనే ఈ సత్యము వెలుగు చూచినదనియు, ఇకపై సదరు వస్తువు రాయి తిరుగుచుండగా ఊరూరా సంచరించుటయే దాని మూలస్థితి అనియు రాసుకున్నాడు. తప్పు చేసి కూడా తప్పు లేకుండా రాయడం చూడాలంటే ఆ కాగితమే చూడాలి.

నూకరత్నం అప్పటికే ఇంటికి పరిగెత్తింది. చక్రాలు, గొలుసు, గోనెపట్టా సీటు ఊళ్లోవాళ్లు తలోటీ మోసుకొచ్చారు. ఎదురు తిరిగే కప్పులో ఇరుసుని ప్రణీత్ బిగించాడు. రాయి మాత్రం నూకరత్నం చంకలో వచ్చింది. ఇన్నాళ్లూ ఆవకాయ మీద కూర్చున్న రాయి, దగ్గరికి తెస్తే నోరూరింది. ధర్మయ్య దాన్ని పంచె చెంగుతో తుడిచి కడ్డీ మీద గాడిలో పెట్టాడు. కూర్చుని, ఒకసారి అరిచేతులు చూసుకుని, తొక్కాడు. రాయి గిర్రుమంది. ఎన్ని నెలలకో మళ్లీ మా ఊళ్లో నిప్పురవ్వలు లేచాయి. ముందు వెండిపళ్లెంలోని కత్తెరకి పదును పెట్టాడు. రిబ్బను దాని దగ్గరికి తెచ్చేసరికే తెగి కింద పడింది. ఈసారి చప్పట్లు ఆగలేదు. అచ్చెన్న దొర జేబులోంచి మడతకత్తి తీసి ధర్మయ్య చేతిలో పెట్టి, తన వంతు కోసం మా ఊరి ఆడవాళ్ల కత్తిపీటల వరసలో నిలబడ్డాడు.

మర్నాటికి కల్లు వచ్చింది. కూరల్లో ముక్కలు కనబడ్డాయి. పై లంక పెళ్లివాళ్లకి రెండో పిల్ల పెళ్లి కుదిరింది, కత్తిపీటలు ధర్మయ్యకే పంపారు. సైకిలు హేండిలుకి మండలి వాళ్లు 'తాకరాదు' అని బోర్డు వేలాడదీశారు. ధర్మయ్య పట్టిన కత్తులు ఆ బోర్డు మీదే గీసి పదును చూసుకుంటున్నాడు. రోడ్డు మాత్రం రాలేదు. దాని మూలస్థితి తారేనని ఇంకా ఎవరూ తేల్చలేదు. దొరల్లో రోడ్డు నిపుణుడెవడైనా దొరికితే చెప్పండి.

ఆ తరవాత కొన్ని ఆదివారాలు పోయాక ప్రణీత్ వచ్చాడు. వస్తూనే నా కాళ్లకి దణ్ణం పెట్టాడు. ఆ రోజు తీసిన వీడియో కాకినాడలో ఫ్రెంచి చెప్పే మేడంగారికి చూపించాడట. దొర చెప్పింది ఆవిడ మాట మాటా తెలుగులో రాసిచ్చిందట. చదివి వినిపించాడు. ఇది మేలైన పందెం సైకిలనీ, మా తాతకి ఇలాంటిదే ఉండేదనీ, కాళ్లలో సత్తువ తగ్గాక దానికి రాయి కట్టుకుని ఊళ్ల మీద కత్తులు పడుతూ మమ్మల్ని పెంచాడనీ, ఇదుగో గాడి, మరి ఆ రాయేదీ అనీ.

నా కాళ్ల కింద అరుగు కదిలిపోయినట్టయింది. పుట్టి బుద్ధెరిగాక ఈ లంకల్లో నా నోట పచ్చి నిజం విన్నవాడు లేడు. అంతమంది పెద్దల ముందు, అంత నిండు సభలో, అంత కష్టపడి కల్పించింది కాస్తా నిజమైపోతే ఇక ఏ మొహం పెట్టుకుని రేవులో కూర్చోను? కబురు నాకంటే ముందే ఊరంతా తిరిగేసింది. నూకరత్నం కత్తిపీట చేత్తో పట్టుకుని మా అరుగు ముందు ఆగింది.

"మీ నోట నిజం వచ్చిందంట గదా మావయ్యా. ఒంట్లో బాగుందా?" అంది.

ప్రణీత్‌ని దగ్గరికి పిలిచి, ఆ కాగితం మళ్లీ మొదట్నుంచీ చదవమన్నాను. చదివాడు. దొర తాతగారిది ఒంటికన్ను అని ఎక్కడన్నా ఉందా చూడు నాయనా అన్నాను. కిందికీ పైకీ వెతికి, లేదండి అన్నాడు.

పోనీలెండి. ఆ కన్ను మాత్రం నాదే.